ఊరికే సెలవు పెట్టాను

"ఏంటండీ, ఏదైనా ఫంక్షనా?" అని అడిగారు మా మేనేజరు గారు, లీవు అప్లికేషను స్క్రీన్ మీద చూసి.

"కాదండీ."

"పాపకేమైనా బాగోలేదా?"

"బానే ఉందండీ."

"మరి?"

"ఊరికేనండీ. ఒకరోజు ఇంట్లో ఉందామని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. గొంతు బాగా తగ్గించి "రిజైన్ చేసే ఆలోచన ఏమీ లేదు కదండీ?" అన్నారు. పాపం నిజంగానే భయపడ్డారు. ఆయన తప్పేం లేదు, పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను పెట్టిన ప్రతి సెలవుకీ ఒక కారణం ఉంది. పెళ్లి, పురుడు, పెద్దకర్మ, పాపకి జ్వరం, అత్తయ్యగారికి కంటి ఆపరేషను. కారణం దొరకనప్పుడు ఒకటి తయారు చేసేదాన్ని. మా వాళ్లకి నేను అంటగట్టిన జ్వరాలూ, బెణికిన కాళ్లూ, పట్టేసిన నడుములూ అన్నీ నిజమైతే ఈపాటికి మా ఇంటి ముందు అంబులెన్సు కట్టేసి ఉంచాల్సి వచ్చేది. ఈసారి మాత్రం అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఆడితే రోజంతా ఆ అబద్ధానికి తగ్గట్టు ఉండాలి, ఎవరైనా ఫోన్ చేస్తే దగ్గుతూ మాట్లాడాలి, మర్నాడు వెళ్లి "ఇప్పుడు నయమండీ" అనాలి, అదొక డ్యూటీ.

నేను ఉండేది కోనసీమలో, రాజోలు దీవిలో. పనిచేసేది ఇక్కడే ఒక బ్యాంకు బ్రాంచిలో, ఏ బ్యాంకు అన్నది వదిలేయండి. క్యాష్ చూస్తాను, బంగారం లోన్లు చూస్తాను, ఇంకా ఎవరూ చూడనివన్నీ చూస్తాను. మార్చి నెలాఖరు అంటే ఏంటో బ్యాంకు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్లకి చెప్పినా తెలియదు. పంట రుణాలు తిరగరాయాలి, వాయిదా దాటిన బంగారానికి నోటీసులు పంపాలి, డిపాజిట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ ఇన్సూరెన్సు అంటగట్టాలి, సాయంత్రం ఏడింటికి వీడియో కాన్ఫరెన్సులో మన బ్రాంచి అంకె మనమే చదవాలి, రాత్రి పదింటికి వాట్సాప్‌లో లిస్టు వస్తే అందులో మన పేరు ఎర్రరంగులో ఉందా పచ్చరంగులో ఉందా చూసుకుని పడుకోవాలి. ఈ ఏడు నాది మూడు వారాలు ఎర్రరంగే.

మార్చి అయిపోతే సర్దుకుంటుంది అనుకున్నాను. ఏటా సర్దుకునేది. ఈసారి ఏప్రిల్ వచ్చింది, ఒకటో తారీఖు బ్యాంకుకి సెలవు కూడా అయిపోయింది, నాకు మాత్రం తెల్లారి మూడింటికి మెలకువ రావడం ఆగలేదు. లేచి కూచుని ఏం ఆలోచిస్తున్నానా అని చూస్తే ఏమీ ఉండదు, గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటూ ఉంటుంది. నోట్ల కట్ట మెషీన్లో వేసి, చేత్తో లెక్కపెట్టి, మళ్లీ మెషీన్లో వేసేదాన్ని. పాప ఏదో చెబుతుంటే ఊఁ కొడుతుండేదాన్ని, అది ఆగి "నేనేం చెప్పానో చెప్పమ్మా" అనేది. ఒకరోజు పొద్దున బ్రాంచి ముందు బండి ఆపి, తాళం తీయకుండా, హెల్మెట్ తీయకుండా పది నిమిషాలు అలాగే కూచున్నాను. వాచ్‌మన్ వచ్చి "మేడమ్, పెట్రోలు అయిపోయిందాండీ?" అన్నాడు. అయిపోయింది, పెట్రోలు మాత్రం కాదు.

ఇవన్నీ కూడా పట్టించుకోకుండా లాగించేసేదాన్నేమో. ఆ పెద్దాయన మీద అరవకపోతే.

డెబ్బై దాటిన రైతు, పాస్‌బుక్కు ప్రింటు కోసం మూడోసారి వచ్చారు. సర్వర్ రాలేదు. "ఇంకెన్నిసార్లు తిప్పుతారమ్మా" అని మామూలుగానే అన్నారు, నేను హాలంతా వినపడేలా అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, సిగ్గుగా ఉంది. నాకు ఆయన నేను ఉద్యోగంలో చేరిన కొత్త నుంచీ తెలుసు. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే ఖరీఫ్ వరి, నాట్లు వేయం అని క్రాప్ హాలిడే పెట్టినప్పుడు చేను బీడు పెట్టిన వాళ్లలో ఆయనొకరు. గిట్టుబాటు లేదు, కూలీలు దొరకరు, వానొస్తే మురుగు దిగదు, ఎందుకు వేయాలి అని కడుపు మండి పొలానికి సెలవిచ్చారు. ఆ ఏడు కూడా మా కౌంటరు ముందు నిలబడి ఎవరినీ ఒక్కమాట అనలేదు. అలాంటి మనిషి నా అరుపు విని, పాస్‌బుక్కు జేబులో పెట్టుకుని, "పర్లేదులేమ్మా, ఎండన పడి వచ్చుంటావు" అని వెళ్లిపోయారు. ఏసీలో కూచున్నాను నేను. ఎండన పడి వచ్చింది ఆయన.

ఆ సాయంత్రం లీవు పెట్టాను.

బర్నవుట్ అనే మాట మా బ్రాంచిలో కుర్రాళ్లు వాడుతుంటే ఇన్నాళ్లూ నవ్వుకునేదాన్ని. తర్వాత చదివితే తెలిసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన కొత్త జబ్బుల వర్గీకరణలో పెట్టింది. జబ్బుగా పెట్టలేదు, పనిచేసే చోట సరిగ్గా సర్దుబాటు కాని ఒత్తిడి చాలాకాలం పేరుకుంటే వచ్చే స్థితి అని రాసింది. గుర్తులు మూడు చెప్పింది: సత్తువ అంతా ఇంకిపోవడం, చేసే పని మీద విసుగూ వెటకారమూ పెరగడం, చేస్తున్నది సరిగా చేయలేకపోతున్నాననిపించడం. మూడూ నావే. రెండోదానికి ఆ పెద్దాయనే సాక్షి.

మాకు ఏడాదికి 12 సీఎల్లు, అంటే క్యాజువల్ లీవులు. ఇంకా ఏప్రిలే కాబట్టి చేతిలో బోలెడు ఉన్నాయి. అయినా ఒకటి వాడటానికి దొంగతనం చేస్తున్నట్టు ఎందుకుంటుందో అర్థం కాదు. ఆదివారం సెలవు కూడా మనకి ఊరికే రాలేదు, బొంబాయి మిల్లుల్లో వారమంతా పనిచేసే కూలీల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి కొట్లాడితే 1890లో దక్కింది. బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులు 2015 సెప్టెంబరులో గానీ రాలేదు. ఇంత కష్టపడి ఎవరో తెచ్చిపెట్టినవి మనం బట్టలు కుట్టించుకోవడానికీ, గ్యాస్ బుక్ చేయడానికీ వాడేస్తాం.

మా దగ్గర ఇంకో రకం సెలవు కూడా ఉంది, బయటివాళ్లకి పెద్దగా తెలియదు. సున్నితమైన పనులు చూసే ఉద్యోగుల్ని ఏడాదికోసారి, పది పనిదినాలకి తగ్గకుండా, ముందు చెప్పకుండా ఉన్నపళంగా సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. 2021 జులైలో దాన్ని మళ్లీ గట్టిగా చెప్పారు. ఆ పది రోజులూ ఆఫీసు మెయిల్ తప్ప పనికి సంబంధించిన ఏ సిస్టమూ ముట్టుకోకూడదు. మా ఆరోగ్యం మీద ప్రేమతో పెట్టింది కాదులెండి, ఆ మనిషి సీట్లో లేనప్పుడు ఏమైనా మోసాలుంటే బయటపడతాయని. అంటే దొంగని పట్టుకోవడానికి కనిపెట్టిన సెలవు, ఇప్పటిదాకా మనుషులు కనిపెట్టిన సెలవులన్నిటిలోకీ నాకు అదే సరైన సెలవు అనిపిస్తుంది. ముందు చెప్పరు కాబట్టి ఆ రోజుకి పనులు పెట్టుకోలేరు. సిస్టమ్ ముట్టుకోనివ్వరు కాబట్టి ఇంట్లోంచి పనిచేయలేరు. నా ఒక్కరోజుకీ అవే రూల్స్ పెట్టుకున్నాను. ముందురోజు సాయంత్రం క్యాష్ తాళాలు వేరే ఆవిడకి అప్పగించి, రిజిస్టర్లో సంతకం పెట్టి బయటికొస్తే హ్యాండుబ్యాగు ఎంత తేలిగ్గా ఉందో. ఆ తాళాలకి అంత బరువుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. కిందటేడు ఒక రెండో శనివారం "ఈరోజు రెస్టు తీసుకుంటాను" అని ప్రకటించి లేచి, కాఫీ తాగుతూ పైకి చూసి, అటక మీద బూజు కనపడి, అది దులిపి, ఎలాగూ దులిపాను కదా అని ఇత్తడి సామాను దించి, చింతపండు పెట్టి తోమి, దోమతెరలు ఉతికి, సాయంత్రానికి నడుం పట్టుకుని కూచున్నాను. మా ఆయన వచ్చి "రెస్టు బాగా తీసుకున్నట్టున్నావే" అన్నారు. ఆ మాటకి మూడు రోజులు మాట్లాడలేదు.

బుధవారం పొద్దున పాప ఒంటిపూట బడికి వెళ్లిపోయింది. ఆయన షాపుకి బయల్దేరుతూ నేను ఇంకా నైటీలో ఉండటం చూసి "టైమవలేదా?" అన్నారు. సెలవన్నాను. నుదురు మీద చెయ్యి వేసి చూశారు. "జ్వరం లేదే?" అన్నారు, కొంచెం నిరాశగా. అత్తయ్యగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "అయితే అమ్మాయ్, కొబ్బరి మామిడికాయలు తెప్పిస్తాను, ఆవకాయ ముక్కలు కొట్టిద్దాం." నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "ఇంకా టెంక ముదరలేదు కదా అత్తయ్యా, ఇప్పుడు పెడితే ముక్క మెత్తబడిపోతుంది" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి "అదీ నిజమే" అన్నారు. బ్యాంకులో ఎన్ని డిపాజిట్లు తెచ్చినా అంత గెలిచినట్టు అనిపించలేదు.

ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకు బియ్యం డబ్బా అంటే, వండేటప్పుడు తప్ప చెయ్యి పెట్టం కదా.

ఇప్పుడు ఎవరూ చెప్పనిది చెబుతాను. ఖాళీగా ఉన్న మొదటి మూడు గంటలూ నరకం. వీధరుగు మీద కుర్చీ వేసుకుని కూచున్నాను. ఎదురుగా కొబ్బరిచెట్లు, గాలి, ఉడతలు, ఫొటో తీస్తే అందరూ లైకులు కొట్టే దృశ్యమే. నా బుర్రలో మాత్రం: క్యాష్ తెరిచి ఉంటారా, ఆ కొత్తమ్మాయికి చిల్లర ఎక్కడుందో చెప్పానా, నిన్న ఆ చెక్కు క్లియరింగుకి పంపానా లేదా. పావుగంటకొకసారి చెయ్యి ఒళ్లో ఫోన్ కోసం వెతుకుతోంది. పదీ ఇరవైకి లేచి వెళ్లి బియ్యంలోంచి ఫోన్ తీశాను. ముప్పై ఏడు మెసేజిలు. అందులో నాతో పనున్నది ఒకటీ లేదు. సంతోషించాలి కదా, అదేంటో చిన్నబుచ్చుకున్నాను. నేను లేకపోయినా బ్రాంచి నడిచిపోతోందా? మళ్లీ ఆపేసి పెట్టేశాను. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "ఏమ్మా, ఇంట్లోనే ఉన్నావు?" అంటే "ఊరికేనండీ" అన్నాను. ఆవిడ "ఊఁ" అంటూ ఆ ఊఁని ఎంత సాగదీశారంటే సాయంత్రానికల్లా మా వీధిలో నా గురించి ఏదో ఒక కథ తయారై ఉంటుంది.

ఊరికే అన్న మాట గురించి కూడా కూచుని ఆలోచించాను, వేరే పని లేదుగా. డబ్బు లేకుండా వస్తే ఊరికే వచ్చింది అంటాం. కారణం లేకుండా ఏడిస్తే ఊరికే ఏడుస్తోంది అంటాం. పిల్లలు గోల చేస్తే ఊరుకో అంటాం. ఏడ్చేవాళ్లని దగ్గరికి తీసుకుని కూడా ఊరుకో అనే అంటాం. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదని సామెత కూడా ఉంది. ఇన్ని ఊరకల మధ్య పెరిగి ఒక్కపూట ఊరికే కూచోవడం చేతకాకపోవడం ఏంటో.

పక్క తోటలో దింపు తీస్తున్నారు. చెట్టు మీంచి గెల తెగి కింద పడే చప్పుడు, ధబ్, కాసేపు ఏమీ లేదు, మళ్లీ ధబ్. ఎండ ముదిరేసరికి వాళ్లు దిగిపోయి చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నారు. ఎవరూ వాళ్లని ఏంటి విశేషం అని అడగలేదు. అలా చూస్తూ చూస్తూ నేను లోపలికి వెళ్లి పడుకున్నాను, పదకొండింటికి. లేచేసరికి ఒంటిగంటన్నర. కల కూడా రాలేదు. చెంప మీద చాప గుర్తులు పడ్డాయని పాప నవ్వింది, అది బడి నుంచి ఎప్పుడొచ్చిందో, ఏం తిన్నదో కూడా తెలియదు నాకు. పెరుగన్నంలో పోయినేటి మాగాయ వేసుకుని తిన్నాను. చాలా రోజుల తర్వాత పులుపు పులుపుగా తెలిసింది.

మూడున్నరకి బండి తీశాను, ఎక్కడికని అనుకోలేదు. కాలువగట్టు వెంబడి వెళ్లాను. కాలువలు కట్టేసి నాలుగు రోజులైంది. మా వైపు వాళ్లకి ఇది తెలిసిందే గానీ దూరంగా ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను, దాళ్వా, అంటే రబీ వరి, కోతలయ్యే వేళకి ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్లు ఆపేస్తారు, గన్నవరం దగ్గర నది మీంచి కాలువని దాటించే వంతెన, అక్విడెక్టు, దాటి మా దీవిలోకి వచ్చే నీళ్లు కూడా ఆగిపోతాయి, ఆపేముందు మంచినీళ్ల చెరువులన్నీ నింపుకోమంటారు, మళ్లీ జూన్ దాకా కాలువ ఎండిపోయే ఉంటుంది. ఆ రోజుల్లోనే పూడిక తీయడం, గుర్రపుడెక్క ఏరడం, లాకులు, తలుపులు బాగుచేయడం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ డెల్టా బతుకు ఆ తలుపులు ఎత్తడం దించడంతోనే నడుస్తోంది.

అక్కడ బండి ఆపుకుని, కాలువకి ఏటా ఒకటిన్నర నెల సెలవుంది నాకు లేదే అని ఒక మంచి మాట రాసుకుందామనిపించింది. ఆ మాట వచ్చేలోపే అడుగున ఏముందో చూశాను. చెప్పులు, మందు సీసాలు, డైపర్లు, వినాయకుడి బొమ్మల చట్రాలు, ఎవరిదో హెల్మెట్. నీళ్లున్నన్నాళ్లూ ఎంత అందంగా పారిందో. పిల్లలు మాత్రం ఆ చెత్త పక్కకి తన్ని, మధ్యలో మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఒకడు కొట్టిన బంతి గట్టెక్కి నా బండికి తగిలింది. "సారీ ఆంటీ" అన్నాడు. "ఫోరా సిక్సా?" అన్నాను. వాడు అనుమానంగా చూసి "సిక్సేనండీ" అన్నాడు.

అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవుకి వెళ్లాను. అవతల నరసాపురం, మా అమ్మ ఉండే ఊరు. చించినాడ బ్రిడ్జి మీంచి చుట్టూ తిరిగి కూడా వెళ్లొచ్చు, పండక్కి కారులో అలాగే వెళతాం. పంటు మీద, అంటే బండ్లూ మనుషులూ ఎక్కే రేవు పడవ మీద, గోదావరి పాయ వశిష్ఠ దాటి ఎన్నేళ్లయిందో. పంటులో నాకు నచ్చేది ఏంటంటే, ఎక్కాక నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. హారన్ కొట్టినా తొందరగా వెళ్లదు. బండ్లు, ఆటో, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు, అందరూ ఒకే వేగంతో వెళ్లాలి. ఉప్పుగాలి మొహానికి కొడుతూ ఉంటే ఆ పదీ పదిహేను నిమిషాలూ రోజు మొత్తంలో నా బుర్ర నిజంగా ఖాళీ అయింది.

పంటులో అంతర్వేది దర్శనం చేసుకుని వస్తున్న వాళ్లు కొందరున్నారు, గుండ్లు చేయించుకున్న పిల్లలతో. వాళ్లని చూస్తే డొక్కా సీతమ్మగారి కథ గుర్తొచ్చింది. కోనసీమలో పుట్టిన ఆడపిల్ల ఈ కథ వినకుండా పెరగదు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి, 1909లో పోయారు, కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే, ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఎవరో పెళ్లివాళ్లు "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పిల్లల్ని ఊరుకోబెట్టడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందు ఇంటికి చేరి వండి పెట్టారని చెప్పుకుంటారు. చిన్నప్పుడు విన్నప్పుడల్లా ఒళ్లు పులకరించేది. ఆవిడ మీద గౌరవం ఇప్పుడూ తగ్గలేదు. కాకపోతే నలభై దాటాక ఇంకో ప్రశ్న వస్తోంది: ఆ కథ మాకే ఎందుకు అన్నిసార్లు చెప్పారు, మా అన్నయ్యకి ఒక్కసారి కూడా చెప్పలేదే? మేం బయల్దేరిన ప్రతి పల్లకీ వెనక్కి తిరుగుతూనే ఉంది. ఆవిడకి ఆ దర్శనం తర్వాత ఎప్పుడైనా అయిందో లేదో చెప్పినవాళ్లు లేరు.

అమ్మ తలుపు తీసి నన్ను చూసి, నా వెనక చూసి, "ఏమైంది?" అంది.

"ఏం కాలేదమ్మా. ఊరికే వచ్చాను."

"ఊరికే ఎందుకొస్తావు? బుధవారం పూట. ఆయన్ని అడిగి వచ్చావా? గొడవేమైనా పడ్డారా? మీ అత్తగారేమైనా అందా?"

ఒక్కొక్కటీ కాదని చెప్పడానికి అరగంట పట్టింది. తర్వాత ఇద్దరం వసారాలో కూచున్నాం. అమ్మ చేతిలో లేసు. ఇప్పుడు కళ్లు ఆనడం లేదు, అలవాటు కొద్దీ ఒక పువ్వు అల్లుతుంది, విప్పుతుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మా అమ్మ ఈడు ఆడవాళ్లలో లేసు అల్లని వాళ్లు అరుదు. ఒక సంగతి ఈ మధ్య చదివి అదిరిపోయాను. 1970ల చివర్లో మరియా మీస్ అని జర్మనీ నుంచి ఒక సామాజికవేత్త వచ్చి ఇక్కడి లేసు ఆడవాళ్ల గురించి పరిశోధన చేసింది. ఇంటిపని కాకుండా రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లుతున్నారు, దేశదేశాలకి ఎగుమతి అవుతోంది, అయినా అందరి దృష్టిలో వాళ్లు ఇంట్లో ఊరికే ఉండే ఆడవాళ్లు, అది ఖాళీ టైములో చేసుకునే పని, కూలీ కూడా ఆ లెక్కనే. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి అమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూచుని ఉండేది. అమ్మకేం హాయిగా కూచుంటుంది అనుకునేదాన్ని. అలా అనుకోవడమే కాదు, ఒకసారి మొహం మీదే అన్నాను కూడా. అప్పుడు ఏమంది అని అడిగితే తనకి గుర్తు లేదంది. "నువ్వు చాలా అన్నావులే, ఏదని గుర్తుంటుంది" అంది.

"అమ్మా, నువ్వెప్పుడైనా సెలవు తీసుకున్నావా?"

"దేనికీ?"

"లేసుకి, ఇంటికి, దేనికైనా."

కాసేపు ఆలోచించింది. "నువ్వు పుట్టినప్పుడు పదకొండు రోజులు" అంది.

ఇంకేం మాట్లాడుకోలేదు. నాకు నిజంగా ఏదైనా అయిందేమోనని అప్పుడప్పుడూ ఓరగా చూస్తోంది. చీకటి పడుతుంటే పంటెక్కి వెనక్కి వచ్చేశాను. రాత్రి మా ఆయన ఫోన్‌కి అమ్మ ఫోన్ చేసి అంతా బాగానే ఉందా అని అడిగిందని తర్వాత తెలిసింది. ఆయన "ఆయ్, బానే ఉందండి, మీ అమ్మాయి ఊరికే వచ్చింది" అన్నారట. ఆ మాట ఆయన నోట విన్నాక గానీ అమ్మ నమ్మలేదు.

మర్నాడు బ్రాంచిలో అన్నీ అలాగే ఉన్నాయి. సర్వర్ అలాగే ఉంది, ఎర్రరంగు అలాగే ఉంది. ఒక్కరోజులో ఏదో మారిపోయిందని రాస్తే అబద్ధం. మూడింటి మెలకువ ఆ వారం రెండు రోజులు రాలేదు, మూడోరోజు వచ్చింది. సాయంత్రం ఏడింటి కాన్ఫరెన్సుకి వారంలో రెండుసార్లు రాలేనని మేనేజరు గారికి చెప్పాను, ఒకసారికి ఒప్పుకున్నారు. ఒత్తిడి పెట్టేది ఉద్యోగమైతే ఒక సీఎల్ దాన్ని కడిగేయదు, ఆ లెక్క నాకూ తెలుసు. ఆ పెద్దాయన ఫోన్ నంబరు ఖాతాలోంచి తీసి చేద్దామనుకున్నాను గానీ, అలా కస్టమరు వివరాలు సొంతానికి వాడకూడదు. అందుకని ఆయన వచ్చినరోజు లేచి వెళ్లి, పాస్‌బుక్కు నేనే ప్రింటు చేసి ఇచ్చి క్షమించమన్నాను. "దేనికమ్మా?" అన్నారు. గుర్తు లేదో, గుర్తు లేనట్టు ఉన్నారో.

ఒక మాట మాత్రం చెప్పాలి, ఎందుకంటే మా పాత బ్రాంచిలో ఒకతన్ని "నాలుగు రోజులు సెలవు పెట్టు, అదే పోతుంది" అని మేమే పంపించాం, సెలవులన్నీ అయిపోయినా అది పోలేదు, చివరికి వాళ్లావిడ డాక్టరు దగ్గరికి తీసుకెళితే డిప్రెషన్ అని మందులిచ్చారు, ఆర్నెల్లకి మనిషి తేరుకున్నాడు. రెండు వారాలకి పైగా నిద్ర, తిండి, దేని మీదా ఇష్టం లేకుండా పోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన వస్తే, అది ఊరికే కూచుంటే తగ్గేది కాదు. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి కూడా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. ఇంకోటి, మానసిక జబ్బులకి కూడా మిగతా జబ్బులతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని 2017 చట్టంలో ఉంది. ఇన్ని పాలసీలు అంటగట్టిన నేను ఈ ముక్క ఒక్క కస్టమరుకీ చెప్పలేదు.

ఇంకా పది సీఎల్లున్నాయి. జులైలో ఒకటి ఇలాగే పెడతాను, ఏటికి ఎర్రనీళ్లు వచ్చాక, పులస సీజన్లో. పులస కొనేంత జీతం లేదు, చూసి వస్తాను.

ఈలోపు నిన్న రాత్రి అన్నం దగ్గర అత్తయ్యగారు చెప్పారు, మామిడికాయ టెంక ముదిరిందట, కారం, ఆవపిండి సిద్ధంగా ఉన్నాయట. వచ్చేది రెండో శనివారం.